గంటకు ఎంత? స్వతంత్ర విమాన శిక్షకుల రుసుము వెనుక లెక్కలు

అమెరికాలో చిన్న విమానం నడపడం నేర్చుకునే వ్యక్తి ప్రతి పాఠం తరువాత సాధారణంగా రెండు మొత్తాలు చెల్లిస్తాడు. మొదటిది విమానం అద్దె, రెండోది శిక్షకుడి రుసుము. విమానం అద్దె ఎలా వచ్చిందో చెప్పడం సులభం. ఇంధనం, ఇంజిన్ అరుగుదల, తనిఖీలు, బీమా, నిలిపే చోటుకు కట్టే కిరాయి కలిపి గంటలతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. శిక్షకుడి రుసుము మాత్రం చాలా సందర్భాల్లో లెక్క నుంచి కాక అలవాటు నుంచి పుడుతుంది. పక్క విమానాశ్రయంలో ఇంత తీసుకుంటున్నారు కాబట్టి ఇక్కడా అంతే అన్న ధోరణి ఈ వృత్తిలో దశాబ్దాలుగా ఉంది.

ఈ అలవాటు శిక్షకుడి జేబుతోనే ఆగిపోదు. ఏ పనికి రుసుము ఉందో ఆ పని జరుగుతుంది, రుసుము లేని పని క్రమంగా కుదించుకుపోతుంది. విమాన శిక్షణలో అలా కుదించుకుపోయేది తరచుగా నేలపై జరగవలసిన బోధన. అందువల్ల గంట ధర ఎంత అన్న ప్రశ్న శిక్షణ నాణ్యతకు, చివరికి భద్రతకు సంబంధించిన ప్రశ్నగా మారుతుంది.

పాఠశాల అవసరం లేని శిక్షణ

అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌ఏఏ) నిబంధనల ప్రకారం పైలట్ శిక్షణకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. పార్ట్ 141 కింద ఆమోదం పొందిన పాఠశాలలు నిర్ణీత పాఠ్య ప్రణాళికను అనుసరించాలి. పార్ట్ 61 కింద మాత్రం శిక్షకుడి ధ్రువపత్రం ఉన్న ఎవరైనా, ఏ సంస్థతోనూ సంబంధం లేకుండా, ఒక్కరే శిక్షణ ఇవ్వవచ్చు. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు పార్ట్ 61 కింద కనీసం 40 గంటల విమాన సమయం అవసరం. అందులో కనీసం 20 గంటలు శిక్షకుడితో, 10 గంటలు ఒంటరిగా పూర్తి చేయాలి. పార్ట్ 141 కింద కనీస పరిమితి 35 గంటలు. ఆచరణలో కనీస పరిమితితోనే పరీక్షకు సిద్ధమయ్యేవారు తక్కువ.

ఈ రెండో మార్గమే స్వతంత్ర శిక్షకులకు చోటు కల్పించింది. వారి వద్దకు వచ్చేవారు కొత్తగా నేర్చుకునేవారు మాత్రమే కాదు. లైసెన్సు ఉన్న పైలట్లు ప్రతి 24 నెలలకు ఒకసారి శిక్షకుడితో ఫ్లైట్ రివ్యూ పూర్తి చేయాలి. అందులో కనీసం ఒక గంట నేలపై, ఒక గంట గాలిలో గడపాలి. సొంత విమానం కొన్నవారికి ఆ నమూనాపై అవగాహన కావాలి. మేఘాల్లో పరికరాల ఆధారంగా నడిపే అర్హత ఉన్నవారికి ఆ నైపుణ్యం సడలిపోకుండా సాధన కావాలి. వీరంతా గంటల లెక్కన చెల్లించే ఖాతాదారులే.

శిక్షకుడికి చెల్లించే డబ్బు దేనికన్న విషయంలో ఎఫ్‌ఏఏ వైఖరి స్పష్టంగా ఉంది. ఆ రుసుము బోధనకే తప్ప, విమానం నడిపినందుకు కాదని ఆ సంస్థ పరిగణిస్తుంది. అందుకే వాణిజ్య పైలట్‌గా పనిచేయడానికి కావలసిన రెండో శ్రేణి వైద్య ధ్రువపత్రం లేకపోయినా, మూడో శ్రేణి ధ్రువపత్రంతో శిక్షకుడు రుసుము తీసుకుని బోధించవచ్చు. విమానయాన సంస్థల నుంచి పదవీ విరమణ చేసిన పైలట్లు ఈ రంగంలో కొనసాగడానికి ఇది ఒక వీలు. వారిలో కొందరు ఆదాయం కోసం కాక ఇష్టం కోసం బోధిస్తారు, నామమాత్రపు రుసుము తీసుకుంటారు. అదే విమానాశ్రయంలో ఈ వృత్తితోనే కుటుంబాన్ని పోషించుకునే శిక్షకుడికి ఆ ధర ఒక పోటీ అవుతుంది.

మీటరు తిరిగిన సమయం, పని చేసిన సమయం

చాలా చిన్న విమానాల్లో హాబ్స్ మీటరు అనే పరికరం ఉంటుంది. ఇంజిన్ నడిచిన సమయాన్ని అది గంటలో పదో వంతు చొప్పున, అంటే ఆరేసి నిమిషాల లెక్కన నమోదు చేస్తుంది. విమానం అద్దెను సాధారణంగా దీని ప్రకారమే వసూలు చేస్తారు. కొన్నిచోట్ల ఇంజిన్ వేగాన్ని బట్టి నడిచే టాకోమీటరు గంటలను ప్రమాణంగా తీసుకుంటారు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగినప్పుడు ఈ లెక్క కూడా నెమ్మదిగా పెరుగుతుంది.

విమానానికి సరిపోయే ఈ మీటరు శిక్షకుడికి సరిపోదు. ఒక సాధారణ పాఠానికి రెండు గంటలు కేటాయించారనుకుంటే, అందులో మొదటి 20, 25 నిమిషాలు ఆ రోజు నేర్చుకోవలసిన అంశం, వాతావరణం, బరువు లెక్కలు, విమానం తనిఖీకి పోతాయి. చివరి 20 నిమిషాలు జరిగిన తప్పొప్పులను చర్చించడానికి, లాగ్‌బుక్‌లో వివరాలు రాసి సంతకం చేయడానికి కావాలి. ఇంజిన్ నడిచేది గంటా పది, పన్నెండు నిమిషాలు. హాబ్స్ సమయానికే రుసుము తీసుకునే శిక్షకుడు రెండు గంటలు పనిచేసి గంటా పన్నెండు నిమిషాలకు డబ్బు పుచ్చుకుంటాడు. వెయిటింగ్ చార్జీ లేని ఆటోతో దీనిని పోల్చవచ్చు. మీటరు తిరగనంత సేపూ డ్రైవరు సమయం ఉచితమే.

ఇందులో శిక్షకుడి నష్టం ఒక భాగం మాత్రమే. ఇంజిన్ నడుస్తున్నప్పుడే ఆదాయం వస్తుందనుకున్న వ్యక్తి ఇంజిన్‌ను వీలైనంత త్వరగా ప్రారంభించాలని చూస్తాడు. నేలపై బల్ల ముందు కూర్చుని పది నిమిషాల్లో చెప్పగలిగిన విషయాన్ని రన్‌వే పక్కన, ఇంజిన్ హోరులో, విద్యార్థి ఆందోళనగా ఉన్న సమయంలో చెప్పవలసి వస్తుంది. విద్యార్థి ఆ నిమిషాలకు శిక్షకుడి రుసుముతో పాటు విమానం అద్దె కూడా చెల్లిస్తాడు. దిగిన తరువాత జరగవలసిన చర్చ కరచాలనంతో ముగుస్తుంది. తాను ల్యాండింగ్‌లో ఏ తప్పు చేశాడో తెలియకుండానే విద్యార్థి ఇంటికి వెళ్తాడు, తరువాతి పాఠంలో అదే తప్పు చేస్తాడు.

అందువల్ల అనుభవజ్ఞులైన శిక్షకులు ఎక్కువగా అనుసరించే పద్ధతి ఒకటే. విద్యార్థితో గడిపిన మొత్తం సమయానికి, నేలపైనా గాలిలోనా అన్న తేడా లేకుండా, ఒకే ధర వసూలు చేస్తారు. నేలపై బోధనకు తక్కువ, గాలిలో బోధనకు ఎక్కువ అని రెండు ధరలు పెట్టేవారూ ఉన్నారు. ఆ పద్ధతి చూడటానికి న్యాయంగానే కనిపించినా, నేలపై బోధన విలువ తక్కువన్న సంకేతాన్ని విద్యార్థికి ఇస్తుంది.

ధరలు తక్కువగా ఉండటానికి మూలం

శిక్షకులు తమ శ్రమకు తక్కువ ధర కట్టుకోవడానికి ఒక నిర్మాణాత్మక కారణం ఉంది. నిబంధనల ప్రకారం శిక్షణ ఇస్తున్న సమయాన్ని శిక్షకుడు తన లాగ్‌బుక్‌లో పైలట్ ఇన్ కమాండ్ సమయంగా నమోదు చేసుకోవచ్చు. విమానయాన సంస్థలో ఉద్యోగం కోరుకునే యువ పైలట్‌కు ఆ గంటలు డబ్బుతో సమానం. సొంతంగా విమానం అద్దెకు తీసుకుని ఆ గంటలు పోగుచేయాలంటే వేల డాలర్లు ఖర్చవుతాయి. బోధిస్తే విమానం ఖర్చు విద్యార్థి భరిస్తాడు.

2009 ఫిబ్రవరి 12న కోల్గన్ ఎయిర్ 3407 విమానం న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో సమీపంలో కూలిపోయి, అందులోని 49 మందితో పాటు నేలపై ఒకరు మరణించారు. ఆ దుర్ఘటన తరువాత అమెరికా కాంగ్రెస్ 2010లో చేసిన చట్టానికి అనుగుణంగా 2013లో కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. విమానయాన సంస్థలో కో-పైలట్‌గా చేరాలన్నా సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి అయింది. సైనిక పైలట్లకు 750 గంటలు, నిర్దేశిత విమానయాన పట్టభద్రులకు 1,000 గంటలు వంటి సడలింపులు ఉన్నాయి. పార్ట్ 61 కింద వాణిజ్య పైలట్ లైసెన్సు 250 గంటలకే వస్తుంది. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని దాటడానికి అత్యధికులు ఎంచుకునే మార్గం శిక్షకుడి ఉద్యోగం.

ఫలితంగా ఒకే పనిని రెండు వేర్వేరు లక్ష్యాలతో చేసేవారు ఒకే మార్కెట్‌లో ఉన్నారు. ఒకరికి గంటలు కావాలి, మరొకరికి జీవనోపాధి కావాలి. గంటల కోసం వచ్చినవారు రెండేళ్లలో వెళ్లిపోతారు కాబట్టి తక్కువ రుసుము వారిని ఎక్కువ కాలం బాధించదు. కానీ వారు వదిలిపోయిన ధర స్థానికంగా ప్రమాణమై నిలిచిపోతుంది. ఇరవై ఏళ్లుగా బోధిస్తున్న వ్యక్తి కూడా ఆ అంకెతోనే పోటీపడవలసి వస్తుంది.

లెక్క కట్టే పద్ధతి

పొరుగువారి ధరతో సంబంధం లేకుండా, శిక్షకుడు తన ధరను తానే లెక్క కట్టుకోవడానికి మూడు అంకెలు చాలు. ఏడాదికి కావలసిన ఆదాయం, ఏడాదికి అయ్యే వృత్తి ఖర్చులు, వాస్తవంగా రుసుము వసూలు చేయగల గంటలు. మొదటి రెండింటినీ కూడి మూడోదానితో భాగించాలి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఖర్చులు పోను 60,000 డాలర్లు మిగలాలని ఒక శిక్షకుడి లక్ష్యం. బాధ్యతా బీమా, వైద్య పరీక్ష, ఎలక్ట్రానిక్ చార్టుల చందా, హెడ్‌సెట్, ఫోను, కారు, పునశ్చరణ కోర్సు, స్వయంగా సాధన చేసే విమాన గంటలు, అకౌంటెంట్ రుసుము కలిపి 15,000 డాలర్లనుకుందాం. మొత్తం 75,000.

ఇక గంటల విషయం. ఏడాదికి 48 వారాలు, వారానికి 5 రోజులు, రోజుకు 6 గంటలు అనుకుంటే 1,440 గంటల అపాయింట్‌మెంట్లు అవుతాయి. వాతావరణం, విమానం మరమ్మతు, విద్యార్థి అనారోగ్యం కారణంగా అందులో నాలుగో వంతు రద్దవుతుందనుకుంటే 1,080 గంటలు మిగులుతాయి. 75,000ను 1,080తో భాగిస్తే గంటకు సుమారు 69 డాలర్ల 44 సెంట్లు.

ఇప్పుడు అదే శిక్షకుడు అదే ధరను హాబ్స్ సమయానికి మాత్రమే వసూలు చేస్తే ఏమవుతుంది? రెండు గంటల పాఠంలో మీటరు తిరిగేది 1.2 గంటలు, అంటే 60 శాతం. వసూలయ్యే గంటలు 648కి పడిపోతాయి. వచ్చే మొత్తం 45,000 డాలర్లు. ఖర్చులు మాత్రం తగ్గవు. 15,000 తీసేస్తే మిగిలేది 30,000. వసూలయ్యే గంటలు 40 శాతం తగ్గితే చేతికి మిగిలేది సగానికి సగం తగ్గింది. హాబ్స్ పద్ధతిలోనే అనుకున్న ఆదాయం రావాలంటే గంటకు దాదాపు 116 డాలర్లు అడగవలసి ఉంటుంది.

ఎక్కువ గంటలు పనిచేసి లోటు పూడ్చుకోవచ్చుగా అన్న ఆలోచనకు ఒక హద్దు ఉంది. ఏ 24 గంటల వ్యవధిలోనూ శిక్షకుడు 8 గంటలకు మించి విమాన శిక్షణ ఇవ్వరాదని ఎఫ్‌ఏఏ నిబంధన చెబుతోంది. ఇది అలసటను దృష్టిలో పెట్టుకున్న గరిష్ఠ పరిమితే తప్ప, రోజూ చేరవలసిన లక్ష్యం కాదు. తక్కువ ధరను ఎక్కువ గంటలతో భర్తీ చేయాలనుకునే శిక్షకుడు ఈ పరిమితికి ప్రతిరోజూ దగ్గరగా జరుగుతాడు. ఆరో పాఠంలో విద్యార్థి చేసే తప్పును మొదటి పాఠంలో గమనించినంత వేగంగా అతడు గమనించగలడా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

పన్ను, బీమా

పై ఉదాహరణలో మిగిలిన 60,000 డాలర్లు జీతం కాదు. స్వతంత్రంగా పనిచేసేవారు సామాజిక భద్రత, మెడికేర్ పథకాలకు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను చెల్లించాలి. ఉద్యోగి అయితే అందులో సగాన్ని యజమాని భరిస్తాడు. నికర ఆదాయంలో 92.35 శాతంపై ఈ పన్ను లెక్కిస్తారు కాబట్టి 60,000 డాలర్లపై సుమారు 8,480 డాలర్లు అవుతుంది. ఆదాయపు పన్ను దీనికి అదనం. ఆరోగ్య బీమా, సెలవులు, పదవీ విరమణ పొదుపు అన్నీ సొంత ఖర్చే. సాధారణంగా ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల్లో ముందస్తు పన్ను వాయిదాలు కట్టాలి. వేసవిలో పాఠాలు ఎక్కువగా, శీతాకాలంలో తక్కువగా ఉండే ప్రాంతాల్లో జనవరి వాయిదా భారమవుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మరో అంశం కూడా గమనించాలి. కొన్ని పాఠశాలలు తమ శిక్షకులను స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూపుతాయి. అయితే పని వేళలు, విద్యార్థులు, విమానం, ధర అన్నీ పాఠశాలే నిర్ణయిస్తున్నప్పుడు ఆ వ్యక్తి నిజంగా స్వతంత్రుడా అన్న ప్రశ్న వస్తుంది. అమెరికా పన్నుల శాఖ కాగితంపై రాసిన పేరును కాక, పనిపై నియంత్రణ ఎవరిదన్న విషయాన్ని చూస్తుంది. ధర నిర్ణయించే అధికారం లేని కాంట్రాక్టరు ఉద్యోగి భారాలను, వ్యాపారి భారాలను కలిపి మోస్తున్నట్టు లెక్క.

బీమా విషయంలో అపార్థాలు ఎక్కువ. విద్యార్థి సొంత విమానానికి బీమా ఉన్నంత మాత్రాన శిక్షకుడికి రక్షణ ఉన్నట్టు కాదు. ప్రమాదం జరిగితే యజమానికి పరిహారం చెల్లించిన బీమా సంస్థ, ఆ మొత్తాన్ని శిక్షకుడి నుంచి రాబట్టడానికి దావా వేసే అవకాశం ఉంది. ఆ హక్కును వదులుకుంటున్నట్టు యజమాని పాలసీలో రాయించుకోవడం, దానికి తోడు శిక్షకుడు సొంతంగా బాధ్యతా బీమా తీసుకోవడం రెండూ అవసరం. పరిమిత బాధ్యత కంపెనీగా నమోదు చేసుకున్నా, తన సొంత నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం నుంచి అది శిక్షకుడిని కాపాడదు. ఈ ప్రీమియం గంట ధరలో చేరకపోతే, శిక్షకుడు దానిని తన ఇంటి ఖర్చుల్లో నుంచి చెల్లిస్తున్నట్టే.

విమానం ఎవరిది?

శిక్షకుడే విమానాన్ని కూడా సమకూర్చితే లెక్క పూర్తిగా మారుతుంది. రుసుము తీసుకుని ఇచ్చే శిక్షణకు శిక్షకుడు తన విమానాన్ని వాడితే, వార్షిక తనిఖీతో పాటు ప్రతి 100 గంటలకు ఒకసారి తనిఖీ చేయించాలి. విద్యార్థి తన సొంత విమానంలో నేర్చుకుంటే ఈ 100 గంటల తనిఖీ వర్తించదు. శిక్షణకు అద్దెకిచ్చే విమానం బీమా కూడా వ్యక్తిగత వినియోగ బీమా కంటే ఖరీదైనది. విమానం, శిక్షకుడు కలిపి ఒకే అంకె చెప్పేవారు ఈ రెండు లెక్కలనూ విడివిడిగా రాసుకోకపోతే, ఇంజిన్ మరమ్మతుకు రావలసిన నిధిని తెలియకుండానే తమ జీతంగా ఖర్చు చేసే ప్రమాదం ఉంది.

అనేక ప్రభుత్వ విమానాశ్రయాలు తమ ఆవరణలో వాణిజ్య కార్యకలాపాలకు కనీస ప్రమాణాలను నిర్దేశిస్తాయి. స్వతంత్ర శిక్షకుడు కూడా అనుమతి తీసుకుని, రుసుము కట్టి, బీమా పత్రం చూపవలసిన చోట్లు ఉన్నాయి. ధర నిర్ణయించే ముందే ఈ విషయం విచారించుకోవాలి.

రద్దయిన పాఠం, ప్రయాణం

శిక్షకుడు అమ్ముకునేది సమయం. ఉదయం పది గంటల పాఠానికి విద్యార్థి రాకపోతే ఆ రెండు గంటలు తిరిగి రావు. అందుకే 24 గంటల ముందు చెప్పకుండా రద్దు చేస్తే కొంత రుసుము వసూలు చేసే పద్ధతి ఉంది. అయితే వాతావరణం, విమానంలో లోపం, విద్యార్థి అనారోగ్యం ఈ నిబంధనకు మినహాయింపుగా ఉండాలి. రద్దు రుసుముకు భయపడి జ్వరంతోనో, అనుమానాస్పదమైన వాతావరణంలోనో ఎగరడానికి విద్యార్థి సిద్ధపడితే ఆ నిబంధన ప్రాణాల మీదకు తెస్తుంది. ఎగరకూడదన్న నిర్ణయం తీసుకున్న విద్యార్థికి జరిమానా పడకూడదు. ఆ రోజు అదే సమయాన్ని నేలపై పాఠానికి వాడుకుంటే ఇద్దరికీ నష్టం ఉండదు. నేలపై బోధనకు పూర్తి ధర ఉండాలన్న వాదనకు ఇది మరో సమర్థన.

శిక్షకుడు మరో విమానాశ్రయానికి వెళ్లి బోధించవలసి వస్తే ప్రయాణ ఖర్చును విడిగా చెప్పడం మేలు. పన్నుల శాఖ ప్రకటించే మైలు రేటు, 2025 సంవత్సరానికి మైలుకు 70 సెంట్లు, కారు ఖర్చుకు ఒక ప్రమాణంగా ఉపయోగపడుతుంది. ప్రయాణంలో గడిచే సమయం అందులో లేదు. అందుకే కొందరు కనీసం రెండు గంటలు లేదా సగం రోజు రుసుము అన్న షరతు పెడతారు.

గుత్త ధర ఎక్కడ పనికిరాదు?

కొన్ని పనులకు గంటల లెక్క కాక గుత్త ధర మాట్లాడుకోవచ్చు. రాత పరీక్ష తరగతులు, కొన్న విమానాన్ని మరో రాష్ట్రం నుంచి యజమానితో కలిసి తీసుకురావడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండోదానికి రోజువారీ ధర సాధారణం.

ఫ్లైట్ రివ్యూ వంటి వాటికి మాత్రం గుత్త ధర ఇబ్బంది కలిగిస్తుంది. నిబంధనలో ఉన్న ఒక గంట, ఒక గంట అన్నది కనీస సమయం మాత్రమే. పైలట్ సామర్థ్యం సరిపోదనిపిస్తే శిక్షకుడు సంతకం చేయకుండా మరికొంత శిక్షణ సూచించాలి. ముందే మొత్తం డబ్బు చెల్లించిన వ్యక్తి తాను సంతకం కొనుక్కున్నానని భావిస్తాడు. అదనపు గంటలకు అదనపు డబ్బు రానప్పుడు శిక్షకుడికీ త్వరగా ముగించాలనిపిస్తుంది. విద్యార్థిని ఒంటరిగా ఎగరడానికి అనుమతిస్తూ చేసే సంతకం 90 రోజులు చెల్లుతుంది. ఆ రోజుల్లో శిక్షకుడు పక్కన లేకపోయినా అతడి నిర్ణయం విమానంలో ఉంటుంది. ఇచ్చిన సంతకాల వివరాలను మూడేళ్లు భద్రపరచవలసిన బాధ్యత కూడా అతడిదే. రుసుము సమయానికి ఉండాలి, సంతకానికి కాదు.

నైపుణ్యం విలువ, చట్టం గీసిన గీత

అందరు శిక్షకుల ధర ఒకటిగా ఉండవలసిన అవసరం లేదు. పరికరాల ఆధారంగా నడిపే శిక్షణ, రెండు ఇంజిన్ల విమానం, తోక చక్రం విమానం, నీటిపై దిగే విమానం, ఆధునిక గాజు తెరల కాక్‌పిట్ వంటి వాటిలో అనుభవం ఉన్నవారు తక్కువ. రెండు ఇంజిన్ల విమానంలో శిక్షణ ఇవ్వాలంటే ఆ నమూనాలో కనీసం ఐదు గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా గడిపి ఉండాలన్న నిబంధన ఉంది. ఆ గంటలకు శిక్షకుడే ఖర్చు పెట్టి ఉండవచ్చు. అది ధరలో కనిపించడం సహజం.

ఇతరులు బహిరంగంగా ప్రకటించిన ధరలు చూసి తన ధర నిర్ణయించుకోవడంలో తప్పులేదు. కానీ ఒక విమానాశ్రయంలోని స్వతంత్ర శిక్షకులంతా కూర్చుని, ఇంతకు తక్కువ ఎవరూ తీసుకోకూడదని ఒప్పందం చేసుకుంటే అది 1890 నాటి షెర్మన్ చట్టం నిషేధించిన ధరల కుమ్మక్కు కిందికి రావచ్చు. చట్టం దృష్టిలో ప్రతి స్వతంత్ర శిక్షకుడూ ఒక వేరు వ్యాపారం. ఉద్యోగులకు సంఘంగా ఏర్పడి వేతనం కోసం బేరమాడే రక్షణ ఉంది, వీరికి సాధారణంగా ఆ వెసులుబాటు లేదు. తక్కువ ధరల సమస్య అందరిదైనా పరిష్కారం మాత్రం ఎవరికి వారే వెతుక్కోవలసి రావడానికి ఇది ఒక కారణం.

పాత విద్యార్థులకు ధర పెంచడం చాలామందికి మొహమాటం. అడగందే అమ్మైనా పెట్టదన్నది తెలిసిన మాటే. రెండు నెలల ముందు తెలియజేసి, ఇప్పటికే కోర్సు మధ్యలో ఉన్నవారికి పరీక్ష వరకు పాత ధరే కొనసాగిస్తే సంబంధాలు దెబ్బతినవు. ఏటా ఒకసారి కొద్దిగా పెంచడం, ఐదేళ్లకు ఒకసారి పెద్దగా పెంచడం కంటే సులభం.

విద్యార్థి చూడవలసిన అంకె

నేర్చుకునేవారు సహజంగా గంట ధరను పోల్చి చూస్తారు. పోల్చవలసింది మొత్తం ఖర్చును. విమానం అద్దె గంటకు 160 డాలర్లనుకుందాం. మొదటి శిక్షకుడి ధర 50 డాలర్లు, నేలపై బోధన తక్కువ. విద్యార్థికి 75 విమాన గంటలు, శిక్షకుడితో 80 గంటలు పట్టాయి. అద్దె 12,000, రుసుము 4,000, మొత్తం 16,000 డాలర్లు. రెండో శిక్షకుడి ధర 70 డాలర్లు, నేలపై బోధన ఎక్కువ. శిక్షకుడితో అవే 80 గంటలు గడిచినా విమాన గంటలు 60తో సరిపోయాయి. అద్దె 9,600, రుసుము 5,600, మొత్తం 15,200. గంట ధర 40 శాతం ఎక్కువైనా మొత్తం ఖర్చు 800 డాలర్లు తగ్గింది.

ఎక్కువ ధర మంచి బోధనకు హామీ కాదు. కానీ నేలపై సమయానికి రుసుము అడిగే శిక్షకుడిని డబ్బు కోసం సాగదీస్తున్నాడని అనుమానించే ముందు ఈ లెక్క వేసుకోవాలి. పాఠానికి ముందు ఏం నేర్పుతారు, తరువాత ఎంతసేపు చర్చిస్తారు, పరీక్షకు పంపిన విద్యార్థులకు సగటున ఎన్ని గంటలు పట్టాయి అన్న ప్రశ్నలు గంట ధర కంటే ఎక్కువ విషయం చెబుతాయి.

భారతీయ విద్యార్థులకు వర్తించేది

భారతదేశంలో ఈ స్వతంత్ర మార్కెట్ దాదాపు లేదు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) శిక్షకులకు అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్, ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ అనే అర్హతలు ఇస్తుంది. లైసెన్సు కోసం శిక్షణ మాత్రం ఆమోదం పొందిన శిక్షణ సంస్థల్లోనే జరుగుతుంది. వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు అవసరం. విద్యార్థి సంస్థకు చెల్లించే మొత్తంలోనే శిక్షకుడి వేతనం కలిసి ఉంటుంది కాబట్టి ఆ అంకె విడిగా కనిపించదు.

అమెరికాలో శిక్షణకు వెళ్లే భారతీయులకు, వారిలోని తెలుగు విద్యార్థులకు, తొలిసారి ఈ విడి లెక్క ఎదురవుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రుణం తీసుకున్న తల్లిదండ్రులు విమానం అద్దెను మాత్రమే గంటలతో హెచ్చించి బడ్జెట్ వేసుకుంటే, శిక్షకుడి రుసుము, ముఖ్యంగా నేలపై బోధన రుసుము, లెక్కకు అందకుండా పోతుంది. ఒప్పందంపై సంతకం చేసే ముందు శిక్షకుడి సమయాన్ని ఏ ప్రమాణంతో లెక్కిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కనీస గంటలకే బడ్జెట్ వేసుకోవడం కూడా ప్రమాదమే.

విదేశీ విద్యార్థికి శిక్షణ మొదలుపెట్టే ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ (టీఎస్‌ఏ) అనుమతి ఉండాలి. ఆ విషయం సరిచూసుకోవలసిన బాధ్యత స్వతంత్ర శిక్షకుడిపై కూడా ఉంటుంది. వీసా మరో పరిమితి. ఎం-1 విద్యార్థి వీసాపై ఉన్నవారు శిక్షకుడి ధ్రువపత్రం సంపాదించినా, సొంతంగా విద్యార్థులను చేర్చుకుని రుసుము తీసుకోలేరు. అనుమతితో లభించే ప్రాక్టికల్ శిక్షణ వ్యవధి గరిష్ఠంగా ఆరు నెలలు. అక్కడే బోధిస్తూ 1,500 గంటలు పూర్తి చేసుకుంటామన్న అంచనాతో రుణం తీసుకోవడం సరికాదు. స్వదేశానికి తిరిగి వచ్చేవారు భారతీయ లైసెన్సు కోసం డీజీసీఏ పరీక్షలు విడిగా ఉత్తీర్ణులు కావాలి.

అమెరికాలో స్థిరపడి, పని చేసే హక్కు ఉండి, ఇతర వృత్తిలో ఉంటూ వారాంతాల్లో బోధించేవారికి పరిస్థితి వేరు. వారికి ఈ ఆదాయం ప్రధానం కాదు. అయినా తమ ధరను నిర్ణయించేటప్పుడు అదే విమానాశ్రయంలో దీనిపైనే బతికే శిక్షకుడు ఉన్నాడన్న సంగతి గుర్తుంచుకోవలసిన విషయమే. అతడు ఈ వృత్తిని వదిలిపెడితే వారమంతా బోధించే అనుభవజ్ఞుడు ఆ ప్రాంతానికి లేకుండా పోతాడు. ఆ లోటు వారాంతపు పాఠాలతో తీరేది కాదు.